బరువు దించే పద్ధతి: అమెరికా నల్లజాతి స్త్రీలు, సెల్ఫ్ కేర్

"ఆవిడకేం, ఎంతైనా తట్టుకుంటుంది." అమెరికాలో నల్లజాతి స్త్రీ గురించి ఈ మాట ఆఫీసులో వినిపిస్తుంది, చర్చిలో వినిపిస్తుంది, సొంత ఇంట్లోనూ వినిపిస్తుంది. అనేవాళ్లు మెచ్చుకుంటూనే అంటారు. ఆ వెంటనే ఆమె చేతికి ఇంకో పని అందిస్తారు. ఏళ్ల తరబడి అలా అందుకుంటూ వచ్చిన మనిషికి కొవ్వొత్తులు, ఫేస్ మాస్కులు కొనిపెట్టి "కాస్త నిన్ను నువ్వు చూసుకో" అంటే, ఆ చూసుకోవడం కూడా జాబితాలో మరో పనిగా చేరుతుంది. అందుకని ఇక్కడ చెప్పే సెల్ఫ్ కేర్ దించడంతో మొదలవుతుంది. నిద్రకూ వైద్యానికీ మనుషులకూ చోటు ఆ తర్వాతే దొరుకుతుంది.

ఏం మోస్తున్నారో ముందు లెక్క తీయాలి

నార్త్ కరోలినా విశ్వవిద్యాలయంలో నర్సింగ్ పరిశోధకురాలు చెరిల్ వుడ్స్ గిస్కోంబె నల్లజాతి స్త్రీలతో బృందాలుగా కూర్చుని మాట్లాడి, 2010లో ఈ బరువును అయిదు పాయలుగా విడదీసి చూపారు. గట్టిగా కనిపించి తీరాలి. మనసులోది బయటపెట్టకూడదు. ఎవరిమీదా ఆధారపడకూడదు. చేతిలో ఏమీ లేకపోయినా నెగ్గాలి. అడిగినవాళ్లకల్లా సాయపడాలి. ఈ తీరు వల్ల కుటుంబాలు నిలబడ్డాయని కూడా ఆ స్త్రీలే చెప్పారు. చెల్లించిన మూల్యమూ వాళ్లే చెప్పారు: నిద్ర పోయింది, బంధాలు నలిగాయి, సొంత ఆరోగ్యం ఎప్పుడూ వచ్చే నెలకి వాయిదా పడింది. కాబట్టి "ఇకనుంచి గట్టిగా ఉండటం మానెయ్" అన్న సలహా ఎవరికీ పనికిరాదు. వివక్ష ఉన్నచోట ఆ గట్టితనం కవచమే. దాన్ని ఇంటికొచ్చాక కూడా విప్పలేకపోవడం దగ్గరే ఒళ్లు చెడుతుంది.

ఒక నోటుపుస్తకం తీసుకుని ఏడు రోజులు రాయాలి. పేజీకి మూడు గడులు: చేసిన పని, అడిగిందెవరు, నేను చేయకపోతే వారంలోగా ఏమవుతుంది. ఏ పూటది ఆ పూటే రాయాలి. రాత్రి కూర్చుని గుర్తు తెచ్చుకుంటే చిన్నవన్నీ జారిపోతాయి. ఆ చిన్నవాటిలోనే అసలు బరువుంది: మేనత్త మందుల తేదీ గుర్తుపెట్టుకోవడం, తమ్ముడి కారు వాయిదా సర్దడం, ఆఫీసులో ఎవరో ఏడిస్తే ఓదార్చడం, మీటింగులో గొంతు పెరగకుండా చూసుకోవడం. ఆ చివరిదీ రాయాలి. కోపిష్టి నల్లజాతి స్త్రీ అన్న ముద్ర పడకుండా ప్రతి మాటనూ తూచి మాట్లాడటం జీతం లేని చాకిరీ.

ఏడో రోజున పేజీలు ముందేసుకుని మూడు గుర్తులు పెట్టాలి. తాను తప్ప వేరెవరూ చేయలేనివాటికి ఒకటి. వేరేవాళ్లు చేయగలిగీ చేయనివాటికి ఒకటి. చేయకపోయినా ఏమీ కానివాటికి ఒకటి. మూడో గుర్తు పడినవి సాధారణంగా అనుకున్నదానికంటే ఎక్కువే ఉంటాయి.

ఒక్కటే, పూర్తిగా దించాలి

రెండో గుర్తు ఉన్నవాటిలోంచి ఒకటి ఎంచుకోవాలి. ఒకేసారి అయిదు వదిలేస్తే ఇంట్లో గందరగోళం, మనసులో తప్పుచేసిన భావం, పదిరోజుల్లో అయిదూ తిరిగి నెత్తిమీదికి. ఇంకో పొరపాటు ఇంతకంటే ఎక్కువగా జరుగుతుంది: తీరిక చేసుకోవాలనుకోగానే తన డాక్టర్ అపాయింట్‌మెంటునో తన నిద్రనో తీసేస్తారు, ఎందుకంటే వాటికోసం ఎవరూ నిలదీయరు. తీసేసేది వేరేవాళ్లకోసం చేసే పనే కావాలి.

అప్పగించేటప్పుడు చేసే చేతితో పాటు గుర్తుపెట్టుకునే తలనూ అప్పగించాలి. అమ్మ వైద్యం అన్నకు అప్పగిస్తున్నారనుకోండి. మందుల జాబితా, ఫార్మసీ నంబరు, ఇన్సూరెన్స్ కార్డు ఫోటో, ఆస్పత్రి ఆన్‌లైన్ పోర్టల్ పాస్‌వర్డు, వచ్చే రెండు అపాయింట్‌మెంట్ల తేదీలు ఒకే కాగితం మీద రాసి ఇవ్వాలి. డాక్టర్ ఆఫీసులో తన నంబరు తీయించి అన్న నంబరు పెట్టించాలి. ఇది చేయకపోతే ఫోన్లు పాత నంబరుకే వస్తూంటాయి, పని పేరుకే చేయి మారుతుంది.

చెప్పే మాట చిన్నదిగా ఉండాలి, అందులో తేదీ ఉండాలి, కారణం ఉండకూడదు. "మార్చి ఒకటి నుంచి ఆదివారం పిల్లల క్లాసు నేను చూడను. ఆలోగా ఎవరికి అప్పగించాలో చెప్పండి." కారణం చెబితే ఎదుటివాళ్లు ఆ కారణాన్ని పరిష్కరించడానికి దిగుతారు. నిశ్శబ్దం వస్తే దాన్ని నింపకూడదు. మొదటి మూడు వారాలు ఆ పని సరిగా జరగదు. అన్న ఒక అపాయింట్‌మెంటు మరిచిపోతాడు. ప్రాణం మీదికి రానంతవరకు మళ్లీ చేతికి తీసుకోకూడదు. తీసుకున్నారంటే ఆవిడ కొద్దిరోజులు అలిగింది, అంతే అని అందరికీ అర్థమైపోతుంది.

డబ్బు విషయంలో మాట కంటే అంకె బాగా పనిచేస్తుంది. ఇంట్లో మొదట నిలదొక్కుకున్న మనిషి బంధువులందరికీ బ్యాంకు అవుతుంది. నెలకు ఎంత ఇచ్చినా తన అద్దె, పొదుపు కదలవో ఆ మొత్తాన్ని విడిగా ఒక ఖాతాలో వేసి, అడిగినప్పుడు ఆ ఖాతానే చూడాలి. "ఈ నెలకి అయిపోయింది, ఒకటో తారీఖున మళ్లీ చూస్తాను" అనడం "లేదు" అనడం కంటే నోటికి తేలిక, అబద్ధమూ కాదు.

ఆఫీసులో బృందం మొత్తానికి ఒక్కతే నల్లజాతి స్త్రీ అయితే వైవిధ్య కమిటీ, కొత్తవాళ్లకు మార్గదర్శనం, పోస్టరుకు ఫోటో అన్నీ ఆమెకే వస్తాయి. అప్పుడు ఈమెయిల్లో అడగాల్సిన ప్రశ్న ఒకటే: "దీనికి వారానికి నాలుగు గంటలు పడుతుంది. ఇప్పుడున్న పనుల్లో ఏది తీసేయమంటారు? నా వార్షిక మదింపులో ఇది ఎక్కడ చేరుతుంది?" జవాబు రాతలో వచ్చేదాకా ఒప్పుకోవద్దు.

రక్తపోటు, నిద్ర

1992లో ఆర్లీన్ జెరోనిమస్ అనే ప్రజారోగ్య పరిశోధకురాలు ఒక ప్రతిపాదన చేశారు: వివక్ష మధ్య, తీరని ఒత్తిడి మధ్య బతికే శరీరం వయసుకంటే ముందే అరుగుతుంది. ఎండకూ వానకూ నానిన గోడలాగా. నల్లజాతి స్త్రీలలో అధిక రక్తపోటు తరచుగా, చిన్న వయసులోనే కనిపించడాన్ని ఈ వెలుగులో చూడాలి. గట్టిగా కనిపించే మనిషిలో ఇది బయటికి తెలియదు. కొలిస్తేనే తెలుస్తుంది.

జబ్బకు కట్టే మిషను కావాలి, మణికట్టుది వద్దు. టేపుతో జబ్బ చుట్టుకొలత తీసి దానికి సరిపోయే పట్టీ కొనాలి. పెట్టెతో వచ్చే పట్టీ చాలామందికి బిగుతవుతుంది, బిగుతు పట్టీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది. కొలిచే ముందు అరగంట కాఫీ, సిగరెట్, వ్యాయామం ఉండకూడదు. మూత్రానికి వెళ్లొచ్చి, వీపు ఆనించి, పాదాలు నేలమీద పెట్టి, చేయి గుండె ఎత్తులో బల్లమీద ఉంచి అయిదు నిమిషాలు ఊరికే కూర్చోవాలి. కాలు మీద కాలు వేసుకున్నా, ఫోన్లో మాట్లాడినా అంకె పెరుగుతుంది. నిమిషం తేడాతో రెండుసార్లు కొలవాలి, ఉదయం ఒకమారు, సాయంత్రం ఒకమారు, ఏడు రోజులు. నిజానికి ఇందులో కష్టమల్లా ఆ అయిదు నిమిషాలు ఎవరూ పిలవకుండా కూర్చోవడమే. తలుపు వేసుకోండి.

సగటు 130/80 లేదా ఆపైన ఉంటే ఆ కాగితంతో డాక్టర్ దగ్గరికి వెళ్లాలి. 180/120 దాటితే కొన్ని నిమిషాలాగి మళ్లీ కొలిచి, అప్పటికీ దిగకపోతే వెంటనే డాక్టరుకు ఫోన్ చేయాలి. ఛాతీనొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, మాట తడబడటం, ఒక పక్క చచ్చుబడటం తోడైతే ఎమర్జెన్సీ నంబరు 911కే చేయాలి. గర్భిణులకూ బాలింతలకూ గీత ఇంకా కింద ఉంటుంది: 140/90కి డాక్టరుకు ఫోన్, 160/110కి ఎమర్జెన్సీ.

నిద్ర గురించి ఒక్క హెచ్చరిక. గురక, లేవగానే తలనొప్పి, పగలు కూర్చున్నచోటే కునుకు ఉంటే "పని ఎక్కువైంది" అని సరిపెట్టుకోకుండా స్లీప్ ఆప్నియా (నిద్రలో ఊపిరి ఆగి ఆగి ఆడే జబ్బు) పరీక్ష అడగాలి. అది ఉంటే మందులు వాడినా రక్తపోటు లొంగకపోవచ్చు. పగటి విశ్రాంతికి ఇరవై ముప్పై నిమిషాలు చాలు, అదీ మధ్యాహ్నం మూడింటిలోపే. ట్రిషియా హర్సీ 2016లో అట్లాంటాలో నాప్ మినిస్ట్రీ అనే సంస్థ ప్రారంభించి, నల్లజాతి మనిషి నడుం వాల్చడం తన హక్కు అని చెప్పడం మొదలుపెట్టారు. అంతా చేసేశాక సంపాదించుకునే బహుమతిగా విశ్రాంతిని చూస్తే అది ఎన్నటికీ రాదు, ఎందుకంటే అంతా ఎప్పటికీ అవదు.

డాక్టర్ గదిలో

ఎక్కువ నష్టం జరిగేది ఇక్కడే. 1840లలో అలబామాలోని మాంట్‌గమరీలో జె. మేరియన్ సిమ్స్ అనే వైద్యుడు బానిసలుగా ఉన్న స్త్రీలమీద మత్తు లేకుండా మళ్లీ మళ్లీ శస్త్రచికిత్సలు చేశాడు. వాళ్లలో ముగ్గురి పేర్లు మిగిలాయి: అనార్కా, బెట్సీ, లూసీ. నల్లవాళ్లకు నొప్పి తెలియదన్న నమ్మకం ఆ గదిలోనే ఆగిపోలేదు. 2016లో వర్జీనియా విశ్వవిద్యాలయంలో తెల్లజాతి వైద్య విద్యార్థులను, రెసిడెంట్లను (శిక్షణలో ఉన్న డాక్టర్లను) అడిగితే, నల్లవాళ్ల చర్మం మందం వంటి తప్పుడు నమ్మకాల్లో కనీసం ఒకటి సగంమందిలో ఉందని తేలింది. వినేవాళ్లు అలా ఉండగా, చెప్పే మనిషి చిన్నప్పటినుంచి నేర్చిన "పర్లేదు" అన్న మాటే ముందు చెబుతుంది. రెండూ కలిసి చార్టులో, అంటే వైద్య రికార్డులో, "బాధగా కనిపించడం లేదు" అని ఎక్కుతుంది.

వెళ్లేముందు ఒక కాగితం మీద మూడే రాయాలి: ఏం ఇబ్బంది, ఎప్పటినుంచి, దానివల్ల ఏ పని ఆగిపోయింది. "కడుపులో నొప్పి" అంటే పక్కకు పోతుంది. "నెలసరిలో రెండు రోజులు గంటకో ప్యాడు మార్చాల్సివస్తోంది, నాలుగు నెలల్లో ఆరు రోజులు పనికి వెళ్లలేదు" అంటే ఫైబ్రాయిడ్ల (గర్భాశయంలో కంతుల) స్కాను దాకా వెళ్తుంది. నల్లజాతి స్త్రీలలో ఫైబ్రాయిడ్లు చిన్న వయసులోనే, ఎక్కువగా వస్తాయి కాబట్టి ఈ లెక్క ప్రత్యేకంగా రాసుకోవాలి. నొప్పి అంకె అడిగితే ఇలా చెప్పాలి: "నొప్పి పదికి ఎనిమిది. నొప్పిగా ఉన్నప్పుడు కూడా నా ముఖం మామూలుగానే ఉంటుంది, అది చూసి అంచనా వేయకండి."

వీలైతే తోడు ఒకరిని తీసుకెళ్లాలి. తోడు వచ్చినవాళ్ల పని రాసుకోవడం, ఆమె "పర్లేదు" అన్నప్పుడు "పోయిన వారం మెట్లెక్కలేకపోయావు, అది చెప్పు" అని గుర్తుచేయడం. డాక్టర్ ఒక కారణం చెప్పి ముగించబోతే "ఇంకేమై ఉండవచ్చు? అవి కావని ఎలా తెలుస్తుంది?" అని అడగాలి. పరీక్ష అక్కర్లేదంటే "నేను అడిగానని, మీరు వద్దన్నారని, ఎందుకో చార్టులో రాయండి" అనాలి. గొంతు పెంచనవసరం లేదు. చాలాసార్లు ఆ మాటతోనే పరీక్ష రాస్తారు. ఆ సాయంత్రమే పోర్టల్ తెరిచి ఏం రాశారో చదవాలి. తప్పుంటే సవరించమని రాతపూర్వకంగా అడిగే హక్కుంది. ఆస్పత్రిలో చేరి ఉన్నప్పుడు ఎవరూ వినకపోతే పేషెంట్ అడ్వకేట్‌ను (రోగి తరఫున మాట్లాడే ఉద్యోగిని) పిలవమనాలి. వేలికి పెట్టే ఆక్సిజన్ మీటరు నల్లని చర్మం మీద ఉన్నదానికంటే ఎక్కువ చూపించవచ్చు. అంకె బాగున్నా ఊపిరి ఆడకపోతే, ఊపిరి ఆడడం లేదనే పట్టుబట్టాలి.

ప్రసవం తర్వాత ఈ పట్టు ప్రాణం నిలబెడుతుంది. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ లెక్కల్లో 2023లో ప్రతి లక్ష సజీవ జననాలకు నల్లజాతి తల్లుల మరణాలు 50.3, తెల్లజాతి తల్లులవి 14.5. సెరెనా విలియమ్స్ 2017లో ప్రసవం తర్వాత ఊపిరి అందక, ఊపిరితిత్తుల్లో రక్తం గడ్డ కట్టిందేమోనని తానే సీటీ స్కాన్ అడిగారు. గడ్డలు నిజంగానే ఉన్నాయి. అంత పేరున్న మనిషికీ అడగక తప్పలేదు. తగ్గని తలనొప్పి, చూపులో తేడా, ముఖం చేతుల వాపు, 100.4 డిగ్రీల జ్వరం, గంటలో ప్యాడు నిండిపోవడం, గుడ్డు కంటే పెద్ద రక్తపు గడ్డలు, ఛాతీనొప్పి: వీటిలో ఏదైనా వెంటనే చూపించాల్సింది. బిడ్డ పుట్టిన ఏడాది వరకు ఎక్కడికి వెళ్లినా మొదటి మాట "నేను ఈ ఏడాది ప్రసవించాను" అయి ఉండాలి. అడగకపోతే ఎమర్జెన్సీలో ఆ సంగతి ఎవరికీ తట్టకపోవచ్చు.

మనసుకు చికిత్స

కుంగుబాటు అంటే మంచం పట్టి ఏడవడమే అనుకుంటే చాలామంది దొరకరు. గట్టిమనిషిలో అది చిరాకుగా, ఒళ్లునొప్పులుగా, నిద్రపట్టకపోవడంగా, తనను తాను తిట్టుకోవడంగా, ఖాళీగా కూర్చోలేక పనిమీద పని వేసుకోవడంగా వస్తుంది. పీహెచ్‌క్యూ-9 అనే తొమ్మిది ప్రశ్నల పత్రం ఉచితంగా దొరుకుతుంది. గత రెండు వారాల గురించి అడుగుతుంది. మొత్తం 27లో 10 లేదా ఆపైన వస్తే డాక్టరుతో మాట్లాడాలి. చావు ఆలోచనల గురించిన తొమ్మిదో ప్రశ్నకు సున్నా కాక ఏ జవాబైనా వస్తే ఆ రోజే మాట్లాడాలి. ఆత్మహత్య ఆలోచనలున్నవాళ్లకు సాయపడే హెల్ప్‌లైన్ 988కి ఫోన్ చేయవచ్చు, మెసేజ్ పెట్టవచ్చు. పోలీసులు వస్తారేమోనన్న భయంతో చేయనివాళ్లున్నారు, ఆ భయానికి కారణాలూ ఉన్నాయి. అయితే అక్కడికి వచ్చే ఫోన్లలో అత్యధికం మాటలతోనే ముగుస్తాయి. గర్భిణులకు, బాలింతలకు ప్రత్యేక నంబరు 1-833-852-6262.

థెరపిస్టు కోసం జాయ్ హార్డెన్ బ్రాడ్‌ఫర్డ్ 2014లో ప్రారంభించిన థెరపీ ఫర్ బ్లాక్ గర్ల్స్ డైరెక్టరీలో ఊరును బట్టి వెతకవచ్చు. ఖర్చు అడ్డమైతే రేచల్ కార్గిల్ 2018లో మొదలుపెట్టిన లవ్‌ల్యాండ్ ఫౌండేషన్ నిధికి దరఖాస్తు చేయవచ్చు. అది విడతలవారీగా తెరుచుకుంటుంది. ఒక్కరికే రాసి ఎదురుచూడకుండా అయిదుగురికి ఒకేసారి రాయాలి. మొదటి చిన్న ఫోన్లో మూడు అడగాలి: నా ఇన్సూరెన్సు తీసుకుంటారా, తీసుకోకపోతే ఆదాయాన్ని బట్టి ఫీజు తగ్గిస్తారా, జాతి వివక్ష గురించి మాట్లాడే నల్లజాతి స్త్రీలతో ఇంతకుముందు ఎలా పనిచేశారు. మూడోదానికి తడబడి "నాకు అందరూ సమానమే" అంటే తర్వాతి నంబరుకు వెళ్లండి. ఇన్సూరెన్సు లేకపోయినా, వాడకపోయినా మొత్తం ఖర్చు అంచనా రాతలో అడిగే హక్కు 2022 నుంచి ఉంది.

థెరపీలో తరచుగా జరిగే తప్పు ఒకటుంది. ఆమె థెరపిస్టును కూడా చూసుకోవడం మొదలుపెడుతుంది. బాధాకరమైనది నవ్వుతూ చెబుతుంది, ఎదుటిమనిషి ఇబ్బందిపడితే మాట మారుస్తుంది, "ఈ వారం బాగానే ఉన్నాను" అని ముగిస్తుంది. మొదటి రోజే చెప్పేయడం మంచిది: "నేను నవ్వుతూ చెబుతుంటే ఆపి అడగండి."

వైద్యానికి సెలవు కావాలంటే, యాభై లేదా అంతకంటే ఎక్కువమంది పనిచేసే సంస్థల్లో, ఏడాది సర్వీసు, అంతకుముందు 12 నెలల్లో 1,250 గంటల పని ఉన్నవాళ్లకు ఎఫ్‌ఎమ్‌ఎల్‌ఏ చట్టం కింద 12 వారాల జీతం లేని సెలవు ఉంటుంది. కుంగుబాటు వంటివీ ఇందులోకి వస్తాయి. ఒకేసారి తీసుకోనవసరం లేదు. వారానికి మూడు గంటల చొప్పున థెరపీకి వాడుకోవచ్చు. డాక్టర్ నింపాల్సిన పత్రానికి కనీసం 15 రోజుల గడువివ్వాలి. ఆ డాక్టరుకు మీ పైఅధికారి నేరుగా ఫోన్ చేయడానికి వీల్లేదు. పత్రం హెచ్‌ఆర్‌కు ఇవ్వండి, ప్రతి కాగితానికీ ఒక నకలు ఇంట్లో ఉంచండి.

నలుగురు కూర్చునే చోటు

1983లో బిల్లీ ఏవరీ అట్లాంటాలోని స్పెల్మన్ కాలేజీలో నల్లజాతి స్త్రీల ఆరోగ్య సదస్సు ఏర్పాటుచేశారు. అక్కడినుంచి ఊరూరా పుట్టిన స్వయంసహాయక బృందాల్లో స్త్రీలు కూర్చుని నిజం చెప్పుకున్నారు. ఇప్పటికీ ఇంతకంటే చవకైన మందు లేదు. నలుగురి నుంచి ఆరుగురు, రెండు వారాలకోసారి, గంటన్నర. మనిషికి పది నిమిషాలు టైమరు పెట్టి మాట్లాడాలి, మిగతావాళ్లు వినాలి. అడగందే సలహా ఇవ్వకూడదు. ఇదొక్కటి తప్పితే బృందం మీటింగు అయిపోతుంది. తిండి ఆతిథ్యమిచ్చే మనిషి వండకూడదు, బయటినుంచి తెచ్చుకోవాలి. లేకపోతే విశ్రాంతి పేరుతో ఒకామె వంటింట్లోనే ఉండిపోతుంది. గుర్తుచేసే మెసేజ్ ప్రతిసారీ వేరొకరు పంపాలి.

నడవాలనుకుంటే 2010లో మొదలైన గర్ల్‌ట్రెక్ బృందాలు చాలా ఊళ్లలో ఉన్నాయి. రోజుకు అరగంట నడక. జుట్టు పాడవుతుందని వ్యాయామం మానేసేవాళ్లున్నారు. 2011లో అప్పటి సర్జన్ జనరల్ (దేశ ప్రజారోగ్య ముఖ్య వైద్యాధికారి) రెజీనా బెంజమిన్ ఈ సంగతి బహిరంగంగానే మాట్లాడారు. తలస్నానం రోజుకు ముందురోజు చెమట పట్టే వ్యాయామం పెట్టుకుని, మిగతా రోజులు శాటిన్ స్కార్ఫ్ కట్టుకుని నడిస్తే చాలావరకు సర్దుకుంటుంది.

పక్కనుండేవాళ్లకు

మీరు ఆమె సహోద్యోగి కావచ్చు, స్నేహితురాలు కావచ్చు, ఆస్పత్రిలో నర్సు కావచ్చు. "నువ్వు గట్టిదానివి" అనకండి. "ఏమైనా కావాలంటే చెప్పు" అనీ అనకండి, ఏం కావాలో ఆలోచించే పని మళ్లీ ఆమెకే పడుతుంది. పనీ సమయమూ మీరే చెప్పండి: "గురువారం నాలుగింటికి పిల్లల్ని నేను తీసుకొస్తాను, ఆరున్నరకు భోజనం పెట్టి దించుతాను. సరేనా?" "పర్లేదు, నేను చూసుకుంటాను" అంటుంది. మొదటిసారి అలాగే అంటారు. వాదించకుండా వదిలేసి, వచ్చే బుధవారం అదే మాట మళ్లీ అడగండి. ఒప్పుకున్న రోజున పిల్లల్ని సమయానికి దించండి, ఆమె థాంక్స్ చెప్పడానికి లేచి కాఫీ పెట్టబోతే గుమ్మంలోంచే వెళ్లిపోండి.